ఫ్లాటుకు ‘భారత్ గృహ రక్ష’: కొన్న ధరకు కాదు, కట్టుబడి ఖర్చుకు తీసుకోండి

కోటి పెట్టి కొన్న ఫ్లాటు కదా అని ఇన్సూరెన్స్ కూడా కోటికే రాయించేవాళ్లు చాలామంది. ఆ కోటిలో పెద్ద వాటా యూడీఎస్ (అపార్ట్‌మెంట్ స్థలంలో మీ వంతు) స్థలానిది, లొకేషన్‌ది. అవి కాలవు, కూలవు. వాటికి కట్టే ప్రీమియం వృథా.

2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ ఇంటి బీమా పాలసీ ఏ కంపెనీలో తీసుకున్నా బేస్ కవర్ ఒక్కటే. అందుకే పోల్చాల్సింది ప్రీమియం, యాడ్-ఆన్లే (విడిగా కొనే అదనపు కవర్లు). లెక్క కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే చోటు) మీద వేస్తారు, మెట్లు, లిఫ్ట్ లాంటి ఉమ్మడి చోటు కూడా కలిపిన సూపర్ బిల్టప్ మీద కాదు. బాల్కనీ విస్తీర్ణంలో 25 శాతమే కలుపుతారు. ఉదాహరణకు మొత్తం 1,050 చదరపు అడుగులు తేలి, కట్టుబడి అడుగుకు 2,500 అనుకుంటే 26.25 లక్షలు చాలు. ఇంట్లో సామానుకు అందులో 20 శాతం, అంటే 5.25 లక్షలు, దానంతటదే వస్తుంది (గరిష్ఠంగా 10 లక్షలు). ఏసీలు, టీవీ, ఫర్నిచర్ అంతకు మించితే జాబితా ఇచ్చి పెంచుకోవాలి. మాడ్యులర్ కిచెన్, గోడకు బిగించిన కబోర్డులు బిల్డింగ్ కింద లెక్కించారా, సామాను కిందా అన్నది మెయిల్‌లో రాయించుకోండి. క్లెయిమ్ రోజు పేచీ వచ్చేది అక్కడే. అసోసియేషన్ ఇప్పటికే బిల్డింగ్ మొత్తానికి పాలసీ తీసుకుని ఉంటే దాని కాపీ చూసి, మీరు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు.

కవర్ విశాలమే: నిప్పు, వరద, తుపాను, భూకంపం, టెర్రరిజం, చివరికి క్షిపణి పరీక్షల నష్టం కూడా. తక్కువ మొత్తానికి బీమా చేశారని క్లెయిమ్‌లో కోత పెట్టరు, ఇది పాత ఫైర్ పాలసీల కంటే పెద్ద మెరుగు.

లోటల్లా దొంగతనం దగ్గర. బేస్ పాలసీలో, వరదో అగ్నిప్రమాదమో జరిగి, దాని కారణంగా 7 రోజుల్లోపు జరిగిన దొంగతనానికే డబ్బొస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళం పగలగొడితే పైసా రాదు. బర్గ్లరీ కవర్ విడిగా కొనాల్సిందే. నగలకూ విడిగా వాల్యుబుల్స్ కవర్ ఉంది.

షార్ట్ సర్క్యూట్‌తో ఫ్రిజ్ కాలితే ఆ ఫ్రిజ్‌కు రాదు. దాని నుంచి మంట అంటుకున్న కిచెన్‌కు వస్తుంది. నీళ్ల సంగతీ ఇంతే: వాషింగ్ మెషిన్ పైపు పగిలి హాలంతా నిండితే కవర్ ఉంది, బాత్రూమ్ టైల్స్ సందుల్లోంచి నెలల తరబడి ఊరిన చెమ్మకు లేదు. మీ నీళ్లు కింది ఫ్లాటు సీలింగ్‌ను పాడుచేస్తే అది మీ బాధ్యత కిందికొస్తుంది, దానికి లయబిలిటీ యాడ్-ఆన్ వేరే ఉండాలి. నిలువునా ఇళ్లు పేర్చిన అపార్ట్‌మెంట్లో ఇది బర్గ్లరీ కవర్ కంటే ముందు కొనాల్సినది.

పైపు పగిలితే తుడవక ముందే ఫొటోలు తీసి, ఆ రోజే కంపెనీకి చెప్పండి. ప్లంబర్ కోసి తీసిన పాత ముక్కను మాత్రం పారేయనివ్వకండి. పగిలిందా, మెల్లగా కారిందా అని సర్వేయర్ (బీమా నష్టాన్ని అంచనా వేసే వ్యక్తి) తేల్చేది దాన్ని చూసే.