మూడు ఏజెన్సీలు, పదకొండు మంది కేర్‌టేకర్లు: అమ్మ మంచం పక్కన నాలుగేళ్లు

మా ఆఫీసులో ఒకాయన వాళ్ల నాన్నగారికి తుంటి ఎముక విరిగితే ఇంట్లో మనిషిని పెట్టుకుందామని చూస్తూ, "యాప్‌లో నాలుగున్నర స్టార్లు ఉన్నాయండీ, నమ్మొచ్చా?" అని అడిగారు. ఆ స్టార్లలో నావీ ఉన్నాయి. రెండో రోజునే ఐదుకి ఐదూ ఇచ్చేశాను. అమ్మాయి ఎదురుగా నిలబడి "అక్కా, కాస్త రేటింగ్ పెట్టండి" అంటే తక్కువ ఎలా పెడతాం? అసలు సంగతి తెలియడానికి నెలలు పట్టింది.

అమ్మకి 2021 ఆగస్టులో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట సగం పోయింది. షుగర్ అంతకు ముందునుంచే ఉంది. మాది కూకట్‌పల్లి. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లేవాళ్లమే. అప్పట్నుంచి మూడు ఏజెన్సీలు మారాం, పదకొండు మంది వచ్చి వెళ్లారు. ఏజెన్సీల పేర్లు రాయడం లేదు. రాస్తే అందరూ ఆ ఒక్కదాన్ని వదిలి పక్కదానికి వెళ్తారు, నాకు మాత్రం మూడింటికీ పెద్ద తేడా కనిపించలేదు. వచ్చే మనిషిని బట్టే అంతా.

మొదటిది రెండు గదుల్లో నడిచే నర్సింగ్ బ్యూరో. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి బ్యాగు పట్టుకుని మనిషి గుమ్మంలో ఉంది. చేతిలో ఆధార్ జిరాక్స్. "ట్రైనింగ్ అయిందా?" అని అడిగితే "పెద్దాసుపత్రిలో చేసిందండీ" అన్నారు. చేసిన మాట నిజమే, కాకపోతే హౌస్‌కీపింగ్‌లో. పాపం, మనిషి మంచిది. అమ్మకి జడ వేసేది, కబుర్లు చెప్పేది. కానీ కదల్లేని మనిషిని, పుండ్లు పడకుండా, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మాకూ తెలియదు. ఎయిర్ బెడ్ కొన్నాం కాబట్టి ఇక భయం లేదనుకున్నాం. మూడు వారాలకి ఫిజియోథెరపీకి వచ్చినాయన అమ్మని పక్కకి తిప్పి, నడుం కింద రూపాయి బిళ్లంత పుండు చూపించారు. అది మానడానికి రెండున్నర నెలలు పట్టింది.

రెండోది యాప్ కంపెనీ. యూనిఫాం, మెడలో కార్డు, ఫోన్లో రోజూ "మీ సర్వీస్ ఎలా ఉంది?" అని మెసేజ్. ఈసారి ఇన్సులిన్ ఇవ్వాలి కాబట్టి నర్సే కావాలని అడిగి ఎక్కువ డబ్బు కట్టాం. డాక్టరు అప్పుడే ఇన్సులిన్ మార్చారు. పాతది మిల్లీలీటరుకి 40 యూనిట్లది, కొత్తది 100 యూనిట్లది. దేని సిరంజి దానికి వేరు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి ఆరెంజ్ మూత. పాత ఎర్ర మూత సిరంజిలు సొరుగులోనే వదిలేశాను, అది నా తప్పు. ఆ అమ్మాయి కొత్త మందుని పాత సిరంజితో 12 గీత దాకా తీసి ఇచ్చింది. అంటే 12 యూనిట్లు వెళ్లాల్సిన చోట అమ్మ ఒంట్లోకి వెళ్లింది 30 యూనిట్లు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ చెమటలతో తడిసిపోయి, పిలిస్తే పలకలేదు. షుగర్ 48. అంబులెన్సు, గ్లూకోజు, రెండు రోజులు ఆసుపత్రి. తర్వాత నిలదీస్తే తేలింది, ఆ అమ్మాయి నర్సుల్లో కింది స్థాయి చదువైన ఏఎన్ఎం కూడా కాదు. కొన్ని నెలల అటెండెంట్ కోర్సు చేసింది, అంతే. నర్సు అని రాసింది కంపెనీ. నర్సు జీతం లెక్కన తీసుకున్నదీ కంపెనీయే.

వాళ్ల జవాబు: "సారీ మేడమ్, రిప్లేస్‌మెంట్ పంపిస్తాం." ఈ వ్యాపారంలో ఏ తప్పుకైనా ఇదే మందు. మర్నాడు మాకు వేరే అమ్మాయి వచ్చింది. పాత అమ్మాయి వేరే ఇంటికి వెళ్లింది. మా ఇంట్లో జరిగింది ఆ ఇంటివాళ్లకి తెలిసే దారే లేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

ఎవరికి ఫిర్యాదు చెయ్యాలా అని అప్పుడు కూర్చుని వెతికాను. ఆసుపత్రులకి, క్లినిక్‌లకి, ల్యాబులకి రిజిస్ట్రేషన్ ఉండాలని 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది. మన ఇంటి పడకగదిని అది ఆసుపత్రి అనుకోదు కదా. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టాన్ని సవరిస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక బిల్లు పెట్టారు. ఇళ్లకి మనుషుల్ని పంపే సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలని, శిక్షణ పొందిన వాళ్లనే పెట్టుకోవాలని అందులో ఉంది. సరిగ్గా నాకు కావలసింది అదే. పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, నివేదిక కూడా వచ్చింది. 2024లో ఆ లోక్‌సభ రద్దవడంతో బిల్లు మురిగిపోయింది. మిగిలింది వినియోగదారుల కమిషన్. డబ్బు కట్టి తీసుకున్న సేవలో లోపం ఉంటే అక్కడికి వెళ్లొచ్చు, ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవచ్చు. నేను బిల్లులు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందు పెట్టేసరికి కంపెనీ ఆసుపత్రి ఖర్చు ఇచ్చి వదిలించుకుంది. డబ్బు వచ్చింది సరే, తప్పు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

మా అక్క కూతురు ఇంగ్లండ్‌లో ఇదే పని చేస్తోంది. అక్కడ సీక్యూసీ అనే సంస్థ దగ్గర రిజిస్టర్ కాకుండా ఇంటికొచ్చి స్నానం, తిండి లాంటివి చూసే సర్వీసు నడపకూడదట. వాళ్లు తనిఖీ చేసి ఇచ్చిన రేటింగ్, రిపోర్టు ఎవరైనా చదువుకోవచ్చు. "పిన్నీ, మనిషిని ఎత్తే హాయిస్ట్ మిషన్‌తో లేపాలంటే మాకు ఇద్దరు ఉండాల్సిందే" అంటుంది. అక్కడేదో స్వర్గం అనుకోకండి. ఒక్కో ఇంట్లో పావుగంటలో పని ముగించి ఇంకో ఇంటికి పరుగెత్తాలని ఏడుస్తుంది కూడా.

మూడో ఏజెన్సీతో రెండేళ్లకి పైగా ఉన్నాం. చిన్నది, యాప్ గీప్ లేదు. ఇక్కడ కుదిరిందంటే సగం వాళ్ల గొప్ప, సగం మేం నేర్చుకున్నది. మంచం దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడదీశాం. ఎన్నింటికి తిప్పారు, ఏ వైపుకి, ఎంత తాగింది, మోషన్ అయిందా, షుగర్ ఎంత, ఇన్సులిన్ ఎవరిచ్చారు, అన్నీ అందులో. అక్షరాలు రాని ఆవిడ ఒకరు వస్తే కుడికి ఒక గీత, ఎడమకి రెండు గీతలు పెట్టించాం. డ్యూటీ మారేటప్పుడు మడమలు, నడుం ఇద్దరూ కలిసి చూడాలని రూల్ పెట్టాను. మొదట్లో "మమ్మల్ని అనుమానిస్తున్నారా అక్కా?" అని చిన్నబుచ్చుకునేవారు. తర్వాత వాళ్లకే ఆ పుస్తకం అక్కరకొచ్చింది. జ్వరం వస్తే డాక్టరు ముందు పుస్తకం చూసేవారు, ఆ తర్వాతే నన్ను అడిగేవారు.

అయినా ఒక రాత్రి అమ్మ మంచం మీంచి జారి పడింది. అప్పుడున్నది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆవిడ, ఇరవై నాలుగు గంటల డ్యూటీ. నిద్రపోయిందని గట్టిగా అరిచాను. ఆవిడ తలెత్తలేదు. "అక్కా, వచ్చి ముప్పై ఎనిమిది రోజులు. అమ్మమ్మ రాత్రికి ఆరుసార్లు లేపుతుంది. ఒక్క రాత్రి కూడా కంటినిండా పడుకోలేదు" అంది. నేను కట్టేది నెలకి ఇరవై ఏడు వేలు. ఆవిడ చేతికి వచ్చేది పదిహేడు. సెలవు తీసుకుంటే ఆ రోజుది కోత. ఈ ఇరవై నాలుగు గంటల డ్యూటీ అన్నదే తప్పుడు లెక్క అని నాకు అప్పటికి గాని అర్థం కాలేదు. ఆసుపత్రిలో నర్సుని ముప్పై ఎనిమిది రోజులు ఏకధాటిగా నిలబెడితే పేపర్లో వేస్తారు, ఇంట్లో అయితే దాన్నే ప్యాకేజీ అంటారు. పన్నెండు గంటలకి మార్చేశాం. రాత్రిళ్లు వేరే అమ్మాయి, ఆదివారం రాత్రి మేమే. నెలకి తొమ్మిది వేలు ఎక్కువవుతోంది. మా ఆయన గొణిగారు గానీ ఆ తర్వాత అమ్మ మళ్లీ పడలేదు. శ్రీకాకుళం ఆవిడ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

ఇవన్నీ చెప్పి, ఆఫీసాయనకి రెండు ప్రశ్నలు అప్పగించాను. నర్సు అంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మీ ఇంటికి వచ్చే మనిషికి వారంలో ఎన్ని గంటలు నిద్ర, ఏ రోజు సెలవు అన్నదీ అడగండి అని. మర్నాడు లంచ్‌లో వచ్చి నవ్వుతూ చెప్పారు. కౌన్సిల్ నంబరు అడిగితే అటువైపు కాసేపు చప్పుడు లేదట. తర్వాత అన్నారట, "సార్, ఇన్నేళ్లలో ఇది ఎవరూ అడగలేదు."