చేతి ఆసు, లక్ష్మీ ఆసు యంత్రం: ఏది ఎవరికి?

పోచంపల్లి, పుట్టపాక వైపు చిటికి (ఇక్కత్) చీరకు పేక పోగును, అంటే అడ్డంగా నేసే పోగును, రంగు అద్దకముందే ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రం మీది చీలలకూ, ఎదుటి కొసనున్న చీలకూ మధ్య పోగును తిప్పడమే ఆసు.

చేత్తో ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి, నాలుగైదు గంటల పని. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. అన్నిసార్లు చెయ్యి ఆడించడంతో భుజాలు పట్టేస్తాయి, కళ్లు మసకబారతాయి. రోజుకు రెండు చీరలకు మించి సాగదు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి బాధ చూసి 1999లో యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. చీరకు గంటన్నర చాలు, రోజుకు ఆరేడు అవుతాయి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

తప్పులెక్కడ? చేతి ఆసులో మాటల్లో పడితే చుట్ల లెక్క తప్పుతుంది. అది మగ్గం మీదే బయటపడుతుంది, పువ్వు అంచు పక్కకు జరిగి. అప్పుడు చేసేదేమీ ఉండదు. యంత్రం లెక్క తప్పదు గానీ, పట్టుపోగు బిగువెక్కువైతే తెగుతుంది. అందుకే యంత్రం దగ్గర ఒక మనిషి కూర్చోవాల్సిందే.

రోజూ మగ్గం ఆడే ఇంటికి యంత్రమే మేలు. నెలకు ఒకట్రెండు చీరలు నేసేవారు సొంతంగా కొనడం దండగ, యంత్రమున్న ఇంట్లో కూలికి ఆసు పోయించుకోవచ్చు.