డెక్సా స్కాన్ బాగానే ఉంది, కౌంటర్లో చెప్పిన మాటే బాగాలేదు

అమ్మకి నాలుగు నెలలుగా కుడి తుంటి నొప్పి, అందుకని ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించాం. సెంటర్ పేరు రాయను. స్కాన్ వరకైతే వంక పెట్టడానికి లేదు, వెల్లకిలా పడుకుంటే పావుగంటలో అయిపోయింది, సూది లేదు, రేడియేషన్ కూడా చాలా తక్కువ. కాల్షియం మాత్ర ముందు రోజే ఆపమని ఫోన్ చేసి మరీ చెప్పారు.

టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువ వయసు వాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.1. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే ఎముక కాస్త పల్చబడటం, మైనస్ 2.5 నుంచి కిందికైతే ఆస్టియోపోరోసిస్, అంటే బాగా పల్చబడి తేలిగ్గా విరిగే స్థితి. కాగితం చేతికిస్తూ కౌంటర్లో ఆయన "ఎముక వీక్ అండీ, అందుకే నొప్పి" అనేశారు. అదీ నాకు మండింది. ఎముక పల్చబడినంత మాత్రాన నొప్పి రాదు, ఎక్కడో విరిగితేనో చీలితేనో తప్ప. ఈ సంగతి ఎముకల డాక్టరు చెప్పేదాకా మాకు తెలీదు, ఆ వారమంతా అమ్మ మంచం దిగాలంటేనే టెన్షన్ పడింది.

డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి, నొప్పి ఎక్కడో వేలితో చూపించమన్నారు. గజ్జల్లో అయితే కీలు అరిగి ఉండొచ్చు, లేదా తొడ ఎముక మెడ దగ్గర (తుంటి బంతికి కిందనే ఉండే సన్నటి భాగంలో) సన్నటి చీలిక ఉండొచ్చట. ఎముక పల్చగా ఉన్నవాళ్లలో ఈ చీలికనే ముందు అనుమానించాలి, కాలు మోపితే నొప్పి పెరుగుతుంది, ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా ఎమ్మారైలో దొరుకుతుంది, పట్టించుకోకుండా నడిస్తే పూర్తిగా విరిగిపోవచ్చు. పిర్రలో మొదలై కాలి కిందికి లాగుతుంటే నడుములో నరం నొక్కుకుని ఉండొచ్చు. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడిన వాళ్లకి తుంటి బంతికి రక్తం అందక దెబ్బతినొచ్చు. ఇంకోటి, అలెండ్రోనేట్ లాంటి ఎముకల మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లకి తొడలో సలుపు మొదలైతే వెంటనే చెప్పాలి, అరుదుగా అక్కడ ఎముక చీలుతుంది (అలాగని మాత్రలు మనంతట మనం ఆపేయకూడదు).

అమ్మ వేలు పెట్టింది తుంటి పక్కన ఉబ్బెత్తు ఎముక మీద. అటు తిరిగి పడుకుంటే నిద్ర పట్టదంది. నొప్పి అక్కడి స్నాయువులదట (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి), ఫిజియోథెరపీ రాశారు.

ఇప్పుడు కుడి వైపు తిరిగి కూడా పడుకుంటోంది. ఎముక సంగతి వేరేగా చూస్తున్నారు. అంకెలు పోల్చాలంటే తర్వాతి స్కాన్ కూడా అదే మిషన్ మీద చేయించడం మంచిదట, కాబట్టి మళ్లీ అక్కడికే వెళ్తాం, కాగితం తీసుకుని నేరుగా బయటికొచ్చేస్తాం.