హంతకుడి పక్కన కూర్చున్నవాళ్లు: మూడు పుస్తకాల్లో ఏది మేలు?

మా తమ్ముడికి నిద్ర పట్టనప్పుడు సీరియల్ కిల్లర్ల పుస్తకాలు చదివే అలవాటు. అవి చదివితే ఉన్న నిద్ర కూడా పోతుంది కదరా అంటే నవ్వుతాడు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, యుద్ధకాలంలో జరిగిన ఘోరాల మీద కూడా ఒకటి చెప్పు. కానీ హిస్టరీ పాఠంలా ఉండకూడదు" అన్నాడు. నా దగ్గర ఈ కోవలో చాలానే ఉన్నా, మళ్లీ మళ్లీ తీసి చదివేవి మూడే. ఒకటి వాడికి నచ్చే రకం, మిగతా రెండూ వాడు అడిగిన రకం.

మొదటిది యాన్ రూల్ రాసిన 'ద స్ట్రేంజర్ బిసైడ్ మి' (1980). ఆవిడ ఒకప్పుడు సియాటిల్‌లో పోలీసు ఉద్యోగం చేసి, తర్వాత క్రైమ్ పత్రికలకు రాసేది. 1971లో ఒక సహాయ కేంద్రంలో రాత్రిపూట కూర్చుని, చచ్చిపోవాలనిపించి ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడేది. పక్క కుర్చీలో అదే పని చేసే కాలేజీ కుర్రాడి పేరు టెడ్ బండీ, తర్వాత సీరియల్ కిల్లరని తేలింది వీడే. నెమ్మదస్థుడు, ఓపికగా వింటాడు. డ్యూటీ అయ్యాక ఆవిడని కారు దాకా దిగబెట్టి, తలుపులు లాక్ చేసుకొమ్మని మరీ చెప్పేవాడు.

1974 జులైలో సియాటిల్‌కి దగ్గర్లోని సమామిష్ సరస్సు దగ్గర పట్టపగలు ఇద్దరమ్మాయిలు మాయమయ్యారు. చేతికి కట్టుతో వచ్చి సాయం అడిగినవాడు తన పేరు టెడ్ అన్నాడనీ, ఫోక్స్‌వ్యాగన్ కారు ఉందన్నాడనీ చూసినవాళ్లు చెప్పారు. రూల్‌కి మనసులో ఏదో మెదిలింది. తెలిసిన పోలీసాయన్ని, మా టెడ్‌కి అసలు కారుందో లేదో చూడమంది. ఉంది, ఫోక్స్‌వ్యాగనే అన్నాడాయన. ఆవిడ మొదట ఆయన ఆటపట్టిస్తున్నాడనుకుంది! ఆ తర్వాత, హంతకుడెవరో ఇంకా తేలని ఆ కేసు మీద పుస్తకం రాస్తానని ఒప్పందం కూడా చేసుకుంది. పక్కలో బల్లెం అంటే ఇంతకంటే ఏం కావాలి? మనకి మొదటి పేజీ నుంచీ తెలుసు, ఆవిడకి తెలీదు. టెన్షన్ అంతా అక్కడే.

ఇంకో మంచి సంగతి, చనిపోయిన అమ్మాయిలు ఇందులో ఒట్టి పేర్లు కారు. ఎవరేం చదువుతున్నారో, ఆ సాయంత్రం ఎక్కడికి బయల్దేరారో ఓపికగా చెప్తుంది. నాకు నచ్చనిది, తర్వాతి ముద్రణల్లో చివర చేరుతూ వచ్చిన భాగాలు. 1989లో బండీకి ఎలక్ట్రిక్ కుర్చీలో మరణశిక్ష అమలు చేశారు. అంతకు ముందు 30 హత్యలు ఒప్పుకున్నాడు. అవన్నీ తెలుసుకోవాల్సినవే, కానీ చదవడానికి మొదటి ముద్రణలో ఉన్న బిగి వాటిలో లేదు.

రెండోది క్రిస్టఫర్ బ్రౌనింగ్ 'ఆర్డినరీ మెన్' (1992). రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు హాంబర్గ్ నుంచి పోలండ్‌కి పంపిన 101వ రిజర్వ్ పోలీసు బెటాలియన్ కథ. దాదాపు 500 మంది. సైన్యానికి పనికిరాని నడివయసువాళ్లు, చాలామంది రేవులో కూలీలు, లారీ డ్రైవర్లు, గుమస్తాలు. 1942 జులై 13 తెల్లవారుజామున వీళ్లని యూజెఫూవ్ అనే ఊరి బయట లారీల్లోంచి దించి నిలబెట్టారు. బెటాలియన్ అధికారి మేజర్ ట్రాప్‌ని మనుషులు 'పాపా' అని పిలుచుకునేవారు, అంటే నాన్న. ఆయన కళ్లనీళ్లతో, పూడుకుపోయిన గొంతుతో పని చెప్పాడు. ఊళ్లో యూదుల్లో పనికొచ్చే మగవాళ్లని వేరు చేయాలి. ఆడవాళ్లనీ పిల్లల్నీ ముసలివాళ్లనీ కాల్చేయాలి. చెప్పి, పెద్ద వయసువాళ్లలో ఎవరైనా ఈ పని చేయలేమనుకుంటే పక్కకి రావచ్చన్నాడు.

వచ్చినవాళ్లు పన్నెండు మంది దాకా. సాయంత్రానికి సుమారు 1500 మంది ప్రాణాలు పోయాయి.

నేను ఈ పుస్తకంలో ఇక్కడే చాలాసేపు ఆగిపోయాను. బలవంతం లేదు. తప్పుకున్నవాళ్లని జైల్లో పెట్టలేదు, కాల్చలేదు. మధ్యలో నావల్ల కాదన్నవాళ్లకీ ఏమీ కాలేదు. మొత్తం మీద తప్పుకున్నవాళ్లు నూటికి పది ఇరవై మంది అని బ్రౌనింగ్ లెక్క. మిగతావాళ్లు ఎందుకు కాల్చారు? తోటివాళ్ల ముందు పిరికివాడిననిపించుకోలేక, చెడ్డపని వాళ్ల నెత్తిన పడేసి తాను తప్పుకోలేక. మనం రోజూ నవ్వుతూ అనే 'నలుగురితో నారాయణ' అన్న మాట ఈ పుస్తకం చదివాక నా నోట్లోంచి అంత తేలిగ్గా రావడం లేదు. పక్కవాడు తల్లిని కాలుస్తుంటే తాను పిల్లని మాత్రమే కాల్చానని ఒకడు చెప్తాడు. తల్లి లేకుండా పిల్ల ఎలాగూ బతకదు కాబట్టి మనసుకి సర్దిచెప్పుకున్నాడట. ఆ పేజీ రాత్రిపూట చదవకండి.

అదే బెటాలియన్‌లో కెప్టెన్ వోలౌఫ్ అని ఇంకొకడున్నాడు. కొత్తగా పెళ్లయింది, భార్య కడుపుతో ఉంది. ఆగస్టులో మెంజెజెట్స్ అనే పట్నంలో యూదుల్ని ఇళ్లలోంచి లాగి రైళ్లెక్కించే రోజున ఆవిడని వెంట తీసుకొచ్చాడు. కింది పోలీసులకి కోపమొచ్చింది. దేని మీద? ఇలాంటి పని ఒక ఆడమనిషి చూడ్డమేంటని! ఆ పని తాము చేయడం గురించి కాదు. యుద్ధం అయ్యేలోగా ఈ బెటాలియన్ కాల్చినవాళ్లు కనీసం 38,000 మంది, రైళ్లెక్కించినవాళ్లు 45,000 పైచిలుకు.

దీని లోపం కూడా చెప్పాలి. ఆధారం 1960ల్లో ప్రాసిక్యూటర్ల ముందు ఆ పోలీసులే ఇచ్చిన వాంగ్మూలాలు. ఇరవై ఏళ్ల తర్వాత, కేసు భయంతో చెప్పిన మాటలు. దాచుకున్నది చాలా ఉంటుందని బ్రౌనింగే ఒప్పుకుంటాడు. చాలామందికి మారుపేర్లు పెట్టాడు. చంపినవాళ్లు మాట్లాడతారు, చచ్చినవాళ్లు అంకెలుగా మిగిలిపోతారు. ఈ విషయంలో రూల్ పుస్తకమే మెరుగు. 1996లో డేనియల్ గోల్డ్‌హాగెన్ అనే పరిశోధకుడు ఈ బెటాలియన్ కాగితాలే చదివి, అసలు కారణం తోటివాళ్ల ఒత్తిడి కాదు, జర్మనీలో పాతుకుపోయిన యూదు ద్వేషమని గట్టిగా వాదించాడు. నాకు బ్రౌనింగ్ వైపే మొగ్గు, కానీ ద్వేషాన్ని అంత పక్కన పెట్టేయగలమా అన్న అనుమానం తీరలేదు.

మెంజెజెట్స్‌లో ఎక్కించిన రైళ్లు వెళ్లింది ట్రెబ్లింకాకి, యూదుల్ని చంపడానికే నాజీలు పోలండ్‌లో కట్టిన శిబిరం అది. ఆ ఏడాది సెప్టెంబరుకల్లా అక్కడ కమాండెంట్, అంటే శిబిరం పెద్ద, ఫ్రాంజ్ స్టాంగిల్. నా మూడో పుస్తకం వీడి గురించే, గిట్టా సెరెనీ రాసిన 'ఇంటూ దట్ డార్క్‌నెస్' (1974). స్టాంగిల్ అంతకు ముందు ఆస్ట్రియాలో మామూలు పోలీసు. యుద్ధం తర్వాత సిరియా మీదుగా బ్రెజిల్ చేరి, సావో పాలోలో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీలో సొంత పేరుతోనే ఉద్యోగం చేసుకున్నాడు. (బండీ కారు కూడా అదే. కాకతాళీయమే, కానీ చదువుతుంటే గుచ్చుకుంటుంది.) 1967లో పట్టుకున్నారు, 1970లో యావజ్జీవం పడింది. 1971లో సెరెనీ డ్యూసెల్‌డార్ఫ్ జైల్లో అతనితో 70 గంటల దాకా మాట్లాడింది. తిట్టదు, జాలి పడదు. మొదట తప్పించుకునే మాటలన్నీ ఓపికగా విని, వదిలేసి, మళ్లీ మొదటికొస్తుంది.

దిగే జనాన్ని నమ్మించడానికి ట్రెబ్లింకాలో ఉత్తుత్తి రైల్వే స్టేషన్ కట్టారు. గోడ మీద గడియారానికి ముళ్లు కూడా రంగుతో వేసినవే. ఆ జనాన్ని మనుషులుగా చూశారా అంటే, సరుకులా చూశానంటాడు. బ్రెజిల్లో ఒకసారి రైలు కబేళా దగ్గర ఆగిందట. కంచె వెనకాల పశువులు రైలు వంక నమ్మకంగా చూస్తుంటే పోలండ్ గుర్తొచ్చి, ఆ తర్వాత డబ్బా మాంసం తినలేకపోయానని తనే చెప్పాడు. చివరి రోజు, నేను స్వయంగా చేసినదాని మీద నా మనస్సాక్షి తేటగానే ఉందని మొదలుపెట్టి, చాలాసేపు మౌనంగా ఉండి, కానీ నేను అక్కడున్నాను అంటాడు. ఆ మాటలయ్యాక 19 గంటలకు గుండె ఆగి పోయాడు. సెరెనీ అతని మాటల దగ్గరే ఆగలేదు. ట్రెబ్లింకా తిరుగుబాటులో తప్పించుకున్న రిచర్డ్ గ్లాజర్ లాంటివాళ్లని కలిసి, వాళ్ల మాట పక్కన పెట్టి చూపిస్తుంది. బ్రౌనింగ్‌లో నాకు వెలితి అనిపించింది ఇక్కడ తీరింది.

అందుకే ఒకటే కొనాలంటే సెరెనీదే కొనమని తమ్ముడితో అన్నాను. వాడు ఒక పట్టాన ఒప్పుకోలేదు. హంతకుడెవరో ముందే తెలిసిపోయాక ఇంకేముంటుందని వాడి వాదన. సరే, పుస్తకాల షాపులో నిలబడి బ్రౌనింగ్ మొదటి అధ్యాయం చదువు, రెండు మూడు పేజీలకు మించదు, మిగతాది చదవగలవో లేదో నీకే తెలుస్తుందన్నాను. రూల్ పుస్తకం కొనక్కర్లేదు, వాడి దగ్గర ఎలాగూ ఉంది.

మూడు పుస్తకాలనీ నేను కొలిచేది హంతకుడి పక్కన కూర్చున్న మనిషిని బట్టి. రూల్‌కి తెలీదు. బెటాలియన్‌లో పక్కన కూర్చున్నవాడు కూడా అదే చేస్తున్నాడు. స్టాంగిల్ భార్య టెరీజా సంగతే తేలదు. 1942లో పిల్లలతో పోలండ్ వెళ్లినప్పుడు, మొగుడు సోబిబోర్‌లో (ట్రెబ్లింకాకి ముందు వాడు పనిచేసిన అలాంటి శిబిరమే) ఏం చేస్తున్నాడో తాగిన మనిషి నోటి వెంట విన్నది. నిలదీస్తే, నేను చూసేది కట్టడం పనులు మాత్రమే అన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని బతికేసింది. ఏళ్ల తర్వాత బ్రెజిల్లో సెరెనీ ఆవిడని ఒక ప్రశ్న అడిగింది: ట్రెబ్లింకానో నేనో తేల్చుకో అని మీరు పట్టుబట్టి ఉంటే ఆయన ఏం చేసేవాడు? టెరీజా గంటకు పైగా లోపల కూర్చుని, ఏడ్చి, బయటికొచ్చి, చివరికి నన్నే ఎంచుకునేవాడు అంది. మర్నాడు సెరెనీకి ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఆ జవాబుని వెనక్కి తీసుకుంది.