సాలిడ్ టాప్ డ్రెడ్‌నాట్ గిటార్: ఏళ్ల తరబడి వాయించాక

తీర్పు ముందే చెప్పేస్తాను. ఇది మధ్యరకం ధరలో దొరికే అకూస్టిక్ గిటార్. పై పలక సాలిడ్ (పొరలు అతికించని) స్ప్రూస్ చెక్క, పక్కలూ వెనుకా పొరలు అతికించిన చెక్క, డ్రెడ్‌నాట్ అనే పెద్ద ఒంటి ఆకారం, తీగ పొడవు 650 మిల్లీమీటర్లు, నట్ వెడల్పు 43 మిల్లీమీటర్లు. ఇలాంటి గిటార్లను ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి, పేరు మారినా లోపలి సంగతి దాదాపు ఒకటే. కాబట్టి ఏ కంపెనీ పేరూ చెప్పను, ఈ తరగతి గిటార్ ఎలా ఉంటుందో చెబుతాను. చెక్క మంచిది, నాదం ధరకు మించి ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి అమరిక మాత్రం వేళ్లను ఏడిపించింది. నేర్చుకోవడం మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్లలో చాలామందిని ఓడించింది ఆ అమరికేనని నా గట్టి నమ్మకం.

అన్నిటికంటే ముందు నట్ సంగతి. మెడ చివర తీగలు ఆనే ఆ చిన్న ముక్కలో గాళ్లు తగినంత లోతుగా లేకపోతే మొదటి ఫ్రెట్ (మెడకు అడ్డంగా దిగేసిన లోహపు కమ్మీ) దగ్గర తీగ నొక్కడం నరకం. ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి మోగించే పట్టు) ఎంతకీ మోగదు, మోగినా శ్రుతి కొంచెం పైకి పోతుంది. దీన్ని పరీక్షించడానికి తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే కేపో అనే బిగింపు ఒక్కటి చాలు. మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టి అవే కార్డులు పట్టి చూడండి. ఒక్కసారిగా చేతికి హాయిగా అనిపిస్తే దోషం నట్‌దే. ఇంకో పద్ధతి కూడా ఉంది. తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకూ లోహానికీ మధ్య సందు చూడాలి. పల్చటి కాగితం పట్టేంత ఉంటే సరి. నా గిటార్‌లో అక్కడ అట్టముక్క దూరేంత సందు ఉండేది. ఈ పనికి ఒక్కో తీగ మందానికి సరిపడే సన్నటి ఆకురాళ్లు కావాలి, వెంట్రుకవాసి లోతు ఎక్కువైనా ఖాళీ తీగ జరజరలాడుతుంది. అందుకే దీన్ని పని తెలిసినవాళ్లకే అప్పగించాను. ఈ గిటార్ మీద నేను పెట్టిన ఖర్చులన్నిటిలో అదే సార్థకమైనది.

మిగిలినవి ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ వరుస తప్పకూడదు. మొదట ట్రస్ రాడ్. మెడలోపల ఉండే ఈ ఇనుప కడ్డీ తీగల లాగుడుకు మెడ వంగిపోకుండా కాస్తుంది. ఆ లాగుడు తక్కువదేమీ కాదు, 12 నుంచి 53 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) తీగలన్నీ శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం బిగువు 70 కిలోలు దాటుతుంది. మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టి, మెడ ఒంటికి కలిసే 14వ ఫ్రెట్ దగ్గర లావు తీగను నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడాలి. 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉంటే కదపవద్దు. ఎక్కువగా ఉంటే పావు తిప్పు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, కాసేపు ఆగి కొలవండి. తీగల ఎత్తు తగ్గించడానికి ట్రస్ రాడ్ తిప్పమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. దాని పని మెడ వంపు వరకే.

ఎత్తు తగ్గించాల్సింది శాడిల్ దగ్గర, అంటే గిటార్ ఒంటి మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జ్ అనే చెక్కముక్కలో నిలబెట్టిన, తీగలు ఆనే సన్నటి ముక్క దగ్గర. 12వ ఫ్రెట్ మీద లావు తీగ కింద 2.4, సన్న తీగ కింద 1.8 మిల్లీమీటర్లు ఉంటే నాకు అన్ని విధాలా సరిపోయింది. గట్టిగా స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటడం) చేసేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ ఉంచుకోవచ్చు. 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ ఎంత తగ్గాలో దానికి రెట్టింపు శాడిల్ అడుగున తీసేయాలి. నా గిటార్‌లో లావు తీగ వైపు 3 మిల్లీమీటర్లు ఉండేది. 0.6 తగ్గాలి, అంటే శాడిల్‌లో 1.2 పోవాలి. పెన్సిలుతో గీత గీసుకుని, అద్దం మీద ఉప్పుకాగితం పరిచి, శాడిల్‌ను నిలువుగా పట్టుకుని ఒకే దిశలో రుద్దుతూ పోయాను. నాలుగు రుద్దులకోసారి ఉక్కు స్కేలు అంచు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. అడుగున ఎక్కడైనా వెలుగు గీత కనబడితే అక్కడ పల్లం ఉన్నట్టే. శాడిల్ కింద పికప్ (తీగల కంపనాన్ని స్పీకర్‌కు పంపే పరికరం) ఉన్న గిటార్లలో ఆ పల్లం మీది తీగ స్పీకర్లో నీరసంగా వినిపిస్తుంది. గీతకు కాస్త ముందే ఆగి, తీగలు ఎక్కించి చూసి, అవసరమైతేనే మళ్లీ రుద్దండి. తీసేసిన ప్లాస్టిక్‌ను తిరిగి అతికించలేం.

ప్లాస్టిక్ శాడిల్ తీసి ఎముక శాడిల్ వేస్తే నాదం మారిపోతుందని చాలామంది ఊరిస్తారు. నేనూ వేశాను. సన్న తీగల్లో కాస్త స్పష్టత వచ్చింది, అంతే. శాడిల్ ఎత్తు సరిచేసినప్పుడు కలిగిన తేడాతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

తీగల విషయంలో నా అభిప్రాయం స్థిరపడడానికి చాలాకాలం పట్టింది. 80/20 కంచు అని పిలిచే (80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు) తీగలు మొదట్లో ధగధగా మోగి త్వరగా మసకబారతాయి. 1974లో డడారియో అనే తీగల కంపెనీ తెచ్చిన ఫాస్ఫర్ కంచు తీగలు అంత మెరుపు చూపించవు గానీ మంచి స్థితిలో ఎక్కువ రోజులు నిలుస్తాయి, ఈ గిటార్‌కు అవే నప్పాయి. చేతులు ఎక్కువ చెమటపట్టేవాళ్లకు పైపూత ఉన్న తీగలు గిట్టుబాటవుతాయి. నాకు వాటి జారుడు స్పర్శ నచ్చదు. గేజ్ మాత్రం ఒక మెట్టు దించాను. 12కు బదులు 11తో మొదలయ్యే సెట్ వేస్తే ఒకే వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కే బార్ కార్డులు తేలికవుతాయి, నాదంలో కొంత నిండుదనం పోతుంది. డ్రెడ్‌నాట్‌కు లావుస్వరం సహజంగానే ఎక్కువ కాబట్టి ఆ నష్టం పెద్దగా తెలియదు. తీగ మార్చేటప్పుడు బంతిలాంటి చివరను కొద్దిగా వంచి లోపలికి పంపి, బ్రిడ్జ్ కన్నంలో తీగను బిగించే పిన్ను నొక్కుతూ తీగను పైకి లాగండి. ఆ బంతి పిన్ను మొనకు కాకుండా లోపలి చెక్క పలకకు ఆనాలి. శ్రుతి చేస్తుండగా పిన్ను ఎగిరి నుదుటికి తగిలిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

శ్రుతి నిలవడం లేదని ట్యూనర్లను (తీగ బిగించే మరలను) తిట్టేవాళ్లకు ఒక మాట. తిప్పుతుంటే టిక్కుమని చప్పుడు చేసి తీగ ఒక్కసారిగా గెంతితే అది నట్ గాడిలో ఇరుక్కుంటోంది. మెత్తటి పెన్సిలు ముల్లుతో గాడిలో నాలుగు గీతలు గీస్తే ఆ పొడి కందెనలా పనిచేస్తుంది. ట్యూనర్ వదులుగా ఊగుతుంటే ముందువైపు ఉన్న ఆరుపలకల నట్టును చూడండి. చెక్క ఎండి కుంచించుకున్నప్పుడు అది వదులవుతుంది, పది మిల్లీమీటర్ల స్పానర్‌తో చిన్న బిగింపు చాలు. ఇవన్నీ చూసుకున్నాక కూడా ఒక కార్డ్ తియ్యగా, మరొకటి పుల్లగా వినిపిస్తే కంగారు పడకండి. ఫ్రెట్లున్న వాయిద్యంలో గాంధారం సహజ స్థానం కంటే దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య దూరంలో నూరో వంతు) ఎక్కువగా ఉంటుంది, సమవిభాగ శ్రుతి ఏర్పాటే అది. ఇ మేజర్‌లో గాంధారాన్ని చెవికి ఇంపుగా దించుకుంటే సి మేజర్ చెడుతుంది. శ్రుతి కొలిచే ట్యూనర్ యంత్రం చూపినట్టు పెట్టి వదిలేయడమే మేలు.

ఈ గిటార్‌తో ఎక్కువ జాగ్రత్త కోరింది తేమ. సాలిడ్ టాప్ బతికున్న చెక్కలా ప్రవర్తిస్తుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే దానికి సుఖం. తేమ పెరిగితే బ్రిడ్జ్ వెనుక పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, నాదం మూతిమీద గుడ్డ కప్పినట్టు మందగిస్తుంది. గాలి ఎండిపోతే పలక కుంగి తీగలు ఫ్రెట్లకు తగులుతాయి, ఫింగర్‌బోర్డు కుంచించుకుని ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొస్తాయి. మెడ అంచు వెంబడి బొటనవేలు పోనిస్తే గరగరమని తగలడం చెక్క ఎండిపోతోందనడానికి తొలి గుర్తు, పగులు ఆ తర్వాత వస్తుంది. నేను చేసిందల్లా గోడకు తగిలించడం మాని, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ వేసిన గట్టి పెట్టెలో ఉంచడం. రుతువు మారినప్పుడు ట్రస్ రాడ్ సందు మళ్లీ కొలుస్తాను. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎంత మంచి పెట్టె ఉన్నా వదలకూడదు. జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేస్తుంది.

అరుగుదల గురించి కూడా చెప్పాలి. మొదటి మూడు ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గోటికి తగిలేంత గుంటలు పడ్డాయి. అక్కడ స్వరం జీరగా వస్తుంది. ఇప్పటికైతే ఫ్రెట్లన్నీ సమం చేయించి గుండ్రం తీయిస్తే సరిపోయింది, ఇలా ఒకటి రెండు సార్లే కుదురుతుంది, తర్వాత ఫ్రెట్లు మార్చాల్సిందే. మెరుగు పూత పోవడం, పిక్‌గార్డ్ పక్కన గీతలు పడడం నేను పట్టించుకోలేదు.

లోపల అమర్చిన పికప్ నాకు నచ్చలేదు. గట్టిగా మీటితే బాతు అరిచినట్టుంటుంది. పైగా దానికోసం పక్క చెక్కకు పెద్ద కన్నం. వేదికల మీద వాయించనివాళ్లు పికప్ లేని రకమే తీసుకుని ఆ తేడా సొమ్ము నట్, శాడిల్ పనికి పెట్టాలి. ఇప్పటికే ఉంటే ఒక జాగ్రత్త, వాయించడం అయ్యాక స్పీకర్‌కు వెళ్లే కేబుల్ పిన్ను గిటార్ జాక్ నుంచి లాగేయండి. చాలా గిటార్లలో ఆ జాకే స్విచ్చు, పిన్ను లోపలుంటే తొమ్మిది వోల్టుల బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. ఆకారం మాటకొస్తే, డ్రెడ్‌నాట్ కూర్చుని వాయించేవాళ్ల కుడి భుజాన్ని బాధపెడుతుంది. నడుం సన్నగా ఉండే చిన్న ఒళ్ల గిటార్ ఒకసారి ఒళ్లో పెట్టుకుని చూశాకే నిర్ణయించుకోండి. పాటకు తోడుగా స్ట్రమ్మింగ్ చేసేవాళ్లకు డ్రెడ్‌నాట్‌ను మించింది లేదు.

ఇదే తరగతిలో పాతది కొనేవాళ్లు తళుకులకు లొంగకుండా శాడిల్ చూడండి. తీగల ఎత్తు ఎక్కువగా ఉండి, శాడిల్ బ్రిడ్జ్ మీద పుష్కలంగా కనిపిస్తుంటే ఫరవాలేదు, పైన చెప్పినట్టు తగ్గించుకోవచ్చు. బ్రిడ్జ్ వెనుక అంచు కింద కాగితం మూల దూర్చి చూడండి, లోపలికి పోతే జిగురు వదిలినట్టే. చివరగా ఫ్రెట్ల మీదుగా పొడవాటి స్కేలు పరిచి బ్రిడ్జ్ వైపు జరపండి. స్కేలు బ్రిడ్జ్ పైభాగాన్ని తాకుతూ సాగాలి. దాని ముందు అంచుకు గుద్దుకుని, శాడిల్ కూడా అప్పటికే పైకి కనబడనంతగా అరగదీసి ఉండి, తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే మెడ కోణమే మారిపోయింది. మెడ ఊడదీసి మళ్లీ బిగించే ఆ మరమ్మతుకు అయ్యే ఖర్చు ఈ తరగతి గిటార్ ధరను మించవచ్చు కాబట్టి, ఎంత చవకగా ఇస్తామన్నా వద్దనండి.