దుకాణం ముందు నిలబడే మనిషి కోసం మారిన యాప్: గుంటూరు నుంచి ఒక సమీక్ష

గుంటూరు కేంద్రంగా పురుగుమందులు, విత్తనాలు టోకుగా సరఫరా చేసే సంస్థలో నేను సేల్స్ విభాగం బాధ్యతలు చూస్తున్నాను. మా ప్రతినిధులు 2019 నుంచి ఒకే మొబైల్ సీఆర్‌ఎమ్ యాప్, అంటే ఖాతాదారులతో సంబంధాలను నిర్వహించే యాప్, వాడుతున్నారు. డీలర్ల వివరాలు, వారిని కలిసిన తేదీలు, ఆర్డర్లు, వసూళ్లు, ఫిర్యాదులు అన్నీ అందులోనే నమోదవుతాయి. ఇన్నేళ్లలో ఆ యాప్‌లో వచ్చిన మార్పుల్లో ఏవి మా పనిని నిజంగా తేలిక చేశాయో, ఏవి ప్రకటనలకే పరిమితమయ్యాయో ఈ సమీక్షలో రాస్తున్నాను. ఇదే తరగతికి చెందిన ఇతర యాప్‌లకూ ఈ మాటలు చాలావరకు వర్తిస్తాయి కాబట్టి, యాప్ పేరు కన్నా అందులోని సదుపాయాల మీదే దృష్టి పెట్టాను.

మొదటి రెండు మూడేళ్లలో వచ్చిన మార్పులన్నీ ఆఫీసులో కూర్చున్న నాలాంటి వారి కోసం వచ్చినవే. రంగురంగుల గ్రాఫులు, టార్గెట్ శాతాలు, ఎవరు ఎక్కడ ఉన్నారో చూపించే పటాలు ఒక్కొక్కటిగా చేరాయి. వాటిని నింపడానికి కావలసిన సమాచారాన్ని మాత్రం సత్తెనపల్లిలోనో వినుకొండలోనో దుకాణం ముందు నిలబడిన ప్రతినిధి టైపు చేయాల్సి వచ్చేది. ఆ మనిషికి తిరిగి దక్కేదేమీ లేకపోవడంతో వివరాలు సాయంత్రం ఇంటికి వెళ్లాక గుర్తున్నంత మేరకు నిండేవి. డీలర్ ఎదురుగా ఉన్నప్పుడే ప్రతినిధికి అక్కరకొచ్చే మార్పులు ఆ తరువాత వచ్చాయి. యాప్ మీద మా వాళ్లకు గురి కుదిరింది కూడా అప్పటి నుంచే.

ఈ యాప్‌ల పుట్టుక మా వ్యాపారం లాంటి వ్యాపారాల్లో జరగలేదు. సేల్స్‌ఫోర్స్ 1999లో మొదలైంది, జోహో సీఆర్‌ఎమ్ 2005లో వచ్చింది. కొత్త ఖాతాదారును వెతికి, మాట్లాడి, ఒప్పించి, ఒప్పందం ముగించే క్రమమే ఈ తరహా సాఫ్ట్‌వేర్లన్నింటికీ పునాది. మాకు ఉన్నవారేమో ఏళ్ల తరబడి కొంటున్న అవే పార్టీలు. నరసరావుపేటలో తండ్రి నడిపిన దుకాణాన్ని ఇప్పుడు కొడుకు నడుపుతుంటాడు. అక్కడ కొత్తగా ఒప్పించాల్సిందేమీ ఉండదు. సరుకు సమయానికి చేరిందా, పాత బాకీ ఎంత, కిందటిసారి చెప్పిన ఫిర్యాదు ఏమైంది అన్న మూడు విషయాల చుట్టూనే మాటలన్నీ తిరుగుతాయి. కాబట్టి ఏ యాప్‌నైనా నేను ముందుగా ఆ మూడింటి మీదే తూచి చూస్తాను.

సిగ్నల్ లేనిచోట పనిచేయడం అన్నింటికన్నా పెద్ద మార్పు. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలోనూ, బొల్లాపల్లి మండలంలోని కొన్ని ఊళ్లలోనూ సిగ్నల్ ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటుంది. మొదట్లో ఆర్డర్ రాసి సేవ్ నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఈలోగా దుకాణానికి మరో రైతు వచ్చేవాడు, డీలర్ అటు తిరిగేవారు, మాట అక్కడితో తెగిపోయేది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉండేది. ఆర్డర్ సర్వర్‌కు చేరేది కానీ, చేరినట్టు జవాబు ఫోన్‌కు వచ్చేది కాదు. చేరలేదనుకుని ప్రతినిధి మళ్లీ నొక్కితే అదే ఆర్డర్ రెండోసారి నమోదై, గోడౌన్‌లో రెండు బిల్లులు పడేవి. ఒకే సరుకు రెండుసార్లు లారీ ఎక్కితే తిరుగు రవాణా ఖర్చు మాది, డీలర్ విసుగూ మాకే.

ఇప్పుడు ప్రతి ఆర్డర్‌కు ఫోన్‌లోనే, సర్వర్‌తో పని లేకుండా, ఒక ప్రత్యేక సంఖ్య ఏర్పడుతుంది. ఆ సంఖ్యతో ఎన్నిసార్లు పంపినా సర్వర్ ఒక్కసారే స్వీకరిస్తుంది. పంపాల్సిన ఆర్డర్ల పక్కన గడియారం గుర్తు, చేరిన వాటి పక్కన టిక్కు గుర్తు కనిపిస్తాయి. సిగ్నల్ లేనప్పుడు గోడౌన్ నిల్వ చూస్తే, అది ఎన్ని గంటల నాటి లెక్కో ఆ అంకె కిందే ఉంటుంది. చూడటానికి చిన్న అక్షరాలే గానీ, పాత లెక్కను తాజా లెక్కగా నమ్మి డీలర్‌కు మాట ఇచ్చే ప్రమాదం దీనితో తప్పింది. ఇద్దరు ప్రతినిధులు ఒకే డీలర్ వివరాలు మార్చినప్పుడు చివర చేరినది మొదటిదాన్ని తుడిచేసే పద్ధతి కూడా పోయింది. ఒకరు ఫోన్ నంబరు, మరొకరు చిరునామా మారిస్తే రెండు మార్పులూ నిలుస్తాయి. ఇద్దరూ ఒకే గడిని మారిస్తే ఏది ఉంచాలో ఆఫీసును అడుగుతుంది.

రెండవది బాకీల లెక్క. డీలర్ ముందుగా అడిగే మాట “నా ఖాతాలో ఎంతుందో చెప్పు బాబూ” అనే. ఒకప్పుడు మా ప్రతినిధి “ఆఫీసులో కనుక్కుని చెబుతానండీ” అని ఫోన్ అందుకునేవాడు. ఇటు గుమాస్తా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తెరిచి అంకె చెప్పేవరకు అటు అందరూ ఎదురుచూసేవారు. ఆ తరువాత ట్యాలీ లెక్కలు రాత్రికి ఒకసారి యాప్‌లోకి వచ్చే ఏర్పాటు జరిగింది. కానీ డీలర్ పొద్దున చెల్లించిన మొత్తం మధ్యాహ్నం కనిపించకపోతే మాటా మాటా పెరిగేది. ఇప్పుడు పగలు కూడా గంట గంటకూ లెక్క సరిపోతోంది. యూపీఐలో చెల్లిస్తే స్క్రీన్‌షాట్‌లోని 12 అంకెల రిఫరెన్స్ సంఖ్యను యాప్ తానే చదివి రసీదులో వేస్తుంది, ప్రతినిధి సరిచూస్తే చాలు. ముందు తేదీ వేసి ఇచ్చిన చెక్కులను బాకీలోంచి తీసేయకుండా, చేతిలో ఉన్న చెక్కులు అని విడిగా చూపిస్తుంది. మా వ్యాపారంలో చెక్కు వేరు, సొమ్ము వేరు. ఈ తేడాను గుర్తించడానికి యాప్‌కు ఇంతకాలం పట్టడమే విచిత్రం.

బాకీల వయసు విషయంలో మాత్రం మేము గట్టిగా అడిగితే గానీ మార్పు రాలేదు. 30, 60, 90 రోజులు అంటూ బాకీలను విడగొట్టి, 90 దాటిన పార్టీలన్నింటినీ ఎర్రరంగులో చూపించడం యాప్ అలవాటు. పల్నాడులో మిర్చి నాట్లు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పడతాయి. కోతలు అయి, కాయలు ఎండి, గుంటూరు యార్డుకు చేరి అమ్ముడైతేనే రైతు చేతికి డబ్బు వస్తుంది. రైతు ఇస్తేనే డీలర్ ఇవ్వగలడు. సెప్టెంబరు సరుకుకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో డబ్బు రావడం ఇక్కడ మామూలు సంగతి. వేసవి సెలవులకు యార్డు మూసేలోగా రాకపోతేనే మాకు కంగారు. కానీ యాప్ లెక్క ప్రకారం డిసెంబరు నాటికి మా మంచి పార్టీలన్నీ ఎర్రబడేవి. ఆ రంగు చూసి కొత్తగా చేరిన ప్రతినిధి ఒక పాత డీలర్‌ను నలుగురిలో నిలదీస్తే, ఆ పార్టీని తిరిగి దారికి తెచ్చుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు పంటను బట్టి గడువు పెట్టుకునే వీలు కల్పించారు. ఇన్నేళ్లలో వచ్చిన సదుపాయాల్లో ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను దీనినే ఎంచుకుంటాను.

పేర్ల వెతుకులాట గురించి కూడా చెప్పాలి. మా జాబితాలో వేంకటేశ్వరస్వామి పేరుతోనూ లక్ష్మీదేవి పేరుతోనూ ఉన్న దుకాణాలు ఎన్నో ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాయడంతో, వెతికినప్పుడు దొరక్క అదే పార్టీని మళ్లీ కొత్తగా చేర్చేవారు. ఒకే దుకాణం మూడు ఖాతాలుగా చీలితే బాకీ కూడా మూడు ముక్కలయ్యేది. ఉచ్చారణను బట్టి వెతికే పద్ధతి, ఊరి పేరుతో వెతికే పద్ధతి రెండూ వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు జీఎస్టీ సంఖ్య, ఫోన్ నంబరు ఇదివరకే ఉన్నాయేమో సరిచూసి హెచ్చరించడం ఇంకా మేలు చేసింది.

లొకేషన్ సంగతి సున్నితమైనది. రోజంతా ప్రతినిధి ఎక్కడ తిరుగుతున్నాడో పటం మీద గీత గీసే సదుపాయాన్ని ఒకప్పుడు గొప్పగా ప్రచారం చేశారు. ఆచరణలో మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయేది. ఆండ్రాయిడ్ కూడా 2015లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి వెనక నడిచే యాప్‌లను అదుపు చేస్తూ వచ్చింది. 2019లో వచ్చిన పదో వెర్షన్‌తో, యాప్ తెరిచి ఉన్నప్పుడు మాత్రమే లొకేషన్ ఇస్తానని చెప్పే వీలు ఫోన్ యజమానికి కలిగింది. దాంతో పటం మీద గీత తెగిపోయేది, తెగిన ప్రతిచోటా ఆ కుర్రాడు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది. నిజాయితీగా తిరిగే మనిషిని ఫోన్ సెట్టింగ్ కారణంగా అనుమానించడం అన్యాయం. ఇప్పుడు దుకాణంలో చెక్ ఇన్ చేసిన క్షణంలో మాత్రమే లొకేషన్ నమోదవుతుంది, పని వేళలు దాటాక అదీ ఉండదు. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నదీ తెలుగులో రాసి చూపించి, ఒప్పుకుంటేనే ముందుకు వెళుతుంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతికి ఇచ్చిన ప్రాధాన్యం చూస్తే, మిగిలిన యాప్‌లు కూడా ఈ దారికి రాక తప్పదు.

తెలుగులో మాట్లాడితే రాసుకునే సదుపాయం మీద నాకు మొదట నమ్మకం లేదు. ఇప్పుడు దుకాణం నుంచి బయటికొచ్చి, బండి స్టార్ట్ చేసే ముందు రెండు వాక్యాలు చెబితే, వాటిని దాదాపు తప్పుల్లేకుండా రాసుకుంటోంది. అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. 250 మిల్లీలీటర్ల సీసాలు 40 అని చెబితే సీసా పరిమాణాన్ని, సీసాల సంఖ్యను అప్పుడప్పుడు తారుమారు చేస్తోంది. మందుల పేర్లు కూడా సరిగా పట్టుకోలేకపోతోంది. అందువల్ల మాటలతో రాసే పద్ధతిని విజిట్ వివరాలకే ఉంచి, ఆర్డర్లను చేత్తోనే నమోదు చేయమని మా వాళ్లకు చెప్పాను.

ఫిర్యాదుల నమోదు ఎంత ముఖ్యమో 2021-22 మిర్చి సీజన్ చూపించింది. ఆ ఏడాది నల్ల తామర పురుగు మిర్చి తోటలను దారుణంగా దెబ్బతీసింది. మందు కొట్టినా పురుగు తగ్గడం లేదంటూ రైతులు డీలర్ల మీద, డీలర్లు మా మీద ఒత్తిడి తెచ్చారు. వాట్సాప్‌లో వచ్చి పడిన ఫొటోల్లో ఏది ఏ ఊరిదో, ఏ బ్యాచ్ మందుదో తేల్చడమే పెద్ద పని అయింది. ఆ తరువాతి వెర్షన్‌లో ఫిర్యాదుకు ఫొటో జోడించాలంటే సీసా మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా మరో ఫొటో తప్పనిసరి చేశారు. సిగ్నల్ తక్కువ ఉన్నచోట ఫొటో పరిమాణం తగ్గించి పంపుతుంది. డీలర్‌కు ఒక ఫిర్యాదు సంఖ్య వస్తుంది, మా కంపెనీ నిపుణుడు పొలానికి ఎప్పుడు వస్తాడో కూడా తెలుస్తుంది. ఆకు మీద పురుగును చూపించే దగ్గరి ఫొటో, తోట మొత్తాన్ని చూపించే దూరపు ఫొటో రెండూ అడగడం తెలివైన పని, ఎందుకంటే ఒకటి చూసి రెండోది ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఉమ్మడి గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. జిల్లాను బట్టి ప్రాంతాలు పంచిన యాప్‌లో దాని ప్రభావం చాలాకాలం ఉంది. జిల్లాతో సంబంధం లేకుండా, మా వాళ్లు తిరిగే రూట్లను బట్టి ప్రాంతాలు పంచుకునే వీలు వచ్చాక సర్దుకుంది.

వాట్సాప్ విషయం కొద్ది మాటల్లో చెప్పవచ్చు. డీలర్లు ఎలాగూ ఆర్డర్లు అందులోనే పెడతారు. ఆ సందేశాన్ని యాప్‌లోకి పంపితే ఆర్డర్ ముసాయిదాగా మారడం, ఖరారైన ఆర్డర్ పీడీఎఫ్‌గా డీలర్‌కు చేరడం రెండూ బాగున్నాయి. ఫోన్ కాల్స్ వాటంతట అవే నమోదయ్యే సదుపాయం మాత్రం పోయింది. కాల్ వివరాలు చదివే అనుమతిని గూగుల్ 2019లో చాలా యాప్‌లకు పరిమితం చేయడం అందుకు కారణం. మా ప్రతినిధుల సొంత ఫోన్లలో ఇంటి కాల్స్ కూడా ఉంటాయి కనుక ఆ సదుపాయం లేకపోవడమే మంచిది.

ఇంకా కుదరనివి ఉన్నాయి. ఏ పార్టీ కొనే అవకాశం ఎంత ఉందో నూటికి మార్కులు వేసే సదుపాయాన్ని అదనపు రుసుముకు ఇస్తున్నారు. జూన్‌లో కొననివారు ఆగస్టులో కొంటారని మా ప్రతినిధులకు తెలుసు, దానికి ఆ లెక్కతో పని లేదు. నోటిఫికేషన్లు ఇప్పటికీ మరీ ఎక్కువ. ఉదయం ఒకే జాబితాగా ఇమ్మని అడుగుతూనే ఉన్నాము. అన్నింటికన్నా నన్ను కలవరపెట్టేది మా సమాచారాన్ని మేము బయటికి తీసుకునే దారి. డీలర్ల జాబితా తేలిగ్గానే వస్తుంది. కానీ విజిట్ వివరాలు, ఫిర్యాదుల ఫొటోలు విడివిడిగా వస్తాయి తప్ప ఏ ఫొటో ఏ డీలర్‌దో తెలిసేలా రావు. మనిషికి ఇంత అని నెలనెలా చెల్లించి ఏళ్ల తరబడి పోగు చేసుకున్న సమాచారం అది, పూర్తిగా మా చేతికి రావాలని అడగడం న్యాయమే. ఈ ఏడాది చందాను పొడిగించేటప్పుడు ఆ షరతును రాతపూర్వకంగా పెట్టాము.

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారులు, గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ వ్యాపారులు కొందరు ఇటువంటి యాప్‌ల గురించి నన్ను అడుగుతున్నారు. వారికి నేను చెప్పేది ఒక్కటే. డెమో ఆఫీసులో చూడకండి. మీ ప్రతినిధుల్లో టైపింగ్‌కు ఎక్కువ ఇబ్బందిపడే వ్యక్తికి యాప్ ఇచ్చి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఎండలో నిలబెట్టి, ఒక పార్టీ బాకీ చూసి ఆర్డర్ రాయమనండి. తరువాత ఫ్లైట్ మోడ్ తీసేసి, అదే ఆర్డర్‌ను వెంటవెంటనే రెండుసార్లు పంపమని చెప్పండి. ఆఫీసు కంప్యూటర్‌లో ఒక్క ఆర్డరే కనిపిస్తే అప్పుడు ధర సంగతి మాట్లాడండి.