తుంటి కీలు ఉన్నట్టా, లేనట్టా: జెడ్96.64, జెడ్89.62 పోలిక

కర్నూలులోనో అనంతపురంలోనో కూర్చుని అమెరికా రోగుల చార్టులు కోడ్ చేసేవాళ్లకు ఐసీడీ-10-సీఎంలో (రోగాలకూ, రోగి స్థితికీ అమెరికాలో వాడే కోడ్‌ల జాబితా) ఈ రెండు కోడ్‌లూ తేలిగ్గా తారుమారవుతాయి.

కృత్రిమ తుంటి కీలు ఒంట్లో ఉంటే జెడ్96.64. కుడికి 96.641, ఎడమకు 96.642, రెండు వైపులా ఉంటే 96.643. అంతే.

చిక్కంతా తుంటి కీలు తీసేశాక వేసే జెడ్89.62తోనే. ఇన్ఫెక్షన్ వచ్చిన కృత్రిమ కీలును తీసేసి, ఆ ఖాళీలో తాత్కాలికంగా యాంటీబయాటిక్ సిమెంట్ దిమ్మ (స్పేసర్) పెట్టి, ఇన్ఫెక్షన్ తగ్గాక కొత్తది వేస్తారు. కొన్ని స్పేసర్లు ఎక్స్‌రేలో అచ్చం కీలులాగే కనిపిస్తాయి. అది చూసి 96.641 వేస్తే తప్పే. స్పేసర్ ఉన్నా లేకున్నా కీలు లేనట్టే లెక్క: కుడికి 89.621, ఎడమకు 89.622. రెండు వైపులకూ కలిపి ఒకే కోడ్ ఇక్కడ లేదు, రెండూ రాయాలి. తుంటి దగ్గర కాలు తీసేసినా ఇదే వర్గం. అందుకే కోడ్ చూసి కాలు ఉందో లేదో తేల్చకండి, ఆపరేషన్ నోట్ చదవండి.

కొత్త కీలు వేయించుకోవడానికి చేరితే మొదట రాయాల్సింది జెడ్47.32. కుడి కృత్రిమ కీలు ఇన్ఫెక్షన్‌కు చికిత్స ఇంకా నడుస్తుంటే టీ84.51ఎక్స్‌ఏ, దాంతోపాటు ఇన్ఫెక్షన్ తెచ్చిన క్రిమి కోడ్. ఏ వైపో డాక్టర్ రాయలేదా? ఏ వైపో తెలియనప్పటి కోడ్ 89.629 వేసి వదిలేయడం కంటే డాక్టర్‌ను అడుగుతూ క్వెరీ పంపడమే మేలు.